ఖుద్దూస్ తొట్టి, జయానందం సీసా

గంజి మీద అంత పగబట్టిన మనిషిని నేను మెదక్‌లో మరొకణ్ణి చూడలేదు. జయానందం అని పేరు చెబితే చాలు, ఆ రోజుల్లో మా హైస్కూల్లో చదివినవాళ్ళు ముందు ముక్కు మూసుకుంటారు, తర్వాత నవ్వుతారు. మా సైన్సు మాస్టరు. ముప్పై దాటిన బ్రహ్మచారి. మిగతా మాస్టర్లమందరం గంజి పెట్టిన చొక్కాలు ఇస్త్రీ చేయించుకొని దర్జాగా బడికొస్తే, ఈయన కాలరు మాత్రం ఏనాడూ నిలబడేది కాదు. ఇంట్లో వాళ్ళమ్మ బాలనర్సమ్మ ఓపిగ్గా గంజి పెట్టి ఆరేస్తే, ఈ మహానుభావుడు ఆ చొక్కాను ల్యాబుకు తెచ్చి తన నీళ్ళలో ముంచి గంజంతా పోగొట్టేవాడు. పరీక్షలకు వేరే గుడ్డే దొరకనట్టు!

నేను అదే బడిలో డ్రాయింగు మాస్టర్ని. పేరు మదన్ మోహన్. నా గదికీ ఆయన ల్యాబుకీ మధ్య ఒకే గోడ, ఆ గోడకు తలుపు లేని గుమ్మం. కాబట్టి జయానందం గురించి చెప్పే అర్హత ఊళ్ళో నాకున్నంత ఎవరికీ లేదు. ఆ కంపు నేను పీల్చినంత ఎవరూ పీల్చలేదు మరి.

ఈ గొడవంతా ఒక పరదాతో మొదలైంది. ల్యాబులో ఏవో వెలుగు ప్రయోగాలకు కిటికీకి నల్ల పరదా కావాలన్నాడు. చేనేత తెల్లగుడ్డ కొన్నాం. రంగు నేను చూసి చెప్పాలట, అందుకని నన్నూ వెంటబెట్టుకొని ఖిల్లా కింది గల్లీలో ఉండే ఖుద్దూస్ దగ్గరికి తీసుకుపోయాడు. ఖుద్దూస్ రంగులద్దే మనిషి. వాళ్ళ తాత నాటి నుంచీ అదే పని. వాకిట్లో పెద్ద రాతి తొట్టి, పక్కన పొయ్యిలు, దండేల మీద ఎర్రవీ పచ్చవీ తానులు. భార్య పోయి చాలా కాలమైంది. కొడుకు జహంగీర్ సంతలకు తిరుగుతూ గుడ్డలమ్ముకొస్తాడు. మగవాళ్ళ సంసారం.

మా గుడ్డ మగ్గం మీద నుంచి దిగిన కొత్త గుడ్డ. నేసేటప్పుడు పోగు తెగకుండా నూలుకు గంజి పట్టిస్తారు కదా, ఆ గంజితో చెక్కలా బిరుసుగా ఉంది. ఆ గంజి ఉండగా రంగు లోపలికి దిగదు, దిగినా మచ్చలు మచ్చలుగా పడుతుంది. ఖుద్దూస్ దాన్ని తొట్టిలోకి తోసి, రెండు రోజులాగి రమ్మన్నాడు. వెళ్ళి చూస్తే గుడ్డ మెత్తగా జారిపోతోంది. జయానందం దాన్ని చేత్తో నలిపి నలిపి చూసి, తొట్టి మీదికి వంగి వాసన చూశాడు. నేను నాలుగడుగులు వెనక్కి జరిగాను. పులిసిన కుడితి వాసన.

"ఖుద్దూస్ భాయ్, దీంట్ల ఏం కలిపినవ్?" అన్నాడు.

"ఏం కలుపుత మాస్టర్ సాబ్? నిన్నటి నీళ్లే. తొట్టిని ఎన్నడు పూరా ఖాళీ చెయ్యం. అడుగుకు జానెడు పాత నీళ్లుంచి, పైకెల్లి కొత్త నీళ్లు పోస్తం. మా అబ్బా గట్లనే చేసిండు, మా దాదా గట్లనే చేసిండు. కడిగితే ఖతం, పని చెయ్యదు."

అంతే. ఆ మాట జయానందం బుర్రలోకి దూరింది, మళ్ళీ బయటికి రాలేదు. తిరిగొచ్చేటప్పుడు దారి పొడుగునా నా చెవిలో ఇల్లు కట్టుకొని చెబుతూనే ఉన్నాడు.

"ఆ నీళ్లల్ల కంటికి కనబడని బ్యాక్టీరియా ఉన్నయన్నా. వాటికి గంజి కావాలె. గని అంత పెద్ద ముద్ద మింగలేవు గద? అందుకని ఒక రసం బయటికి ఇడుస్తయి. ఆ రసం గంజిని ముక్కలు ముక్కలు చేసి చక్కెర చేస్తది. అప్పుడు తాగుతయి. నాకు ఆ రసం ఒక్కటే కావాలె. బురద లేకుండ, బ్యాక్టీరియా లేకుండ, శుద్ధమైన రసం."

"తీసి ఏం జేస్తవ్ తమ్మీ? రొట్టెల నంజుకుంటవా?" అన్నాను. ఆయనకు హాస్యం తెలీదు. నా వైపు జాలిగా చూశాడు.

పుస్తకాల్లో ఆ రసాన్ని ఎంజైమంటారట. గంజిని తినే రకానికి అమైలేజ్ అని పేరట. నేను మాత్రం రసమనే అంటాను, నా ఇష్టం.

దీని వెనకొక సంగతుంది, అది చెప్పాలి. జయానందం బీఎస్సీ మంచి మార్కులతో పాసయ్యాడు. పై చదువుకు సీటు వచ్చిన యేడే తండ్రి సొలొమోను పోయాడు. తల్లిని చూసుకోవాలని బడిలో చేరిపోయాడు. పైకి ఏమీ అనేవాడు కాదు కానీ, మా ఇంట్లో భోజనానికి వచ్చినప్పుడల్లా "హైదరాబాదుల పెద్ద ల్యాబు ఉంటదన్నా, అండ్ల..." అని మొదలుపెట్టి ఆపేసేవాడు. ఒక వేసవిలో సైన్సు మాస్టర్లకు అక్కడేదో శిక్షణ పెట్టారు. అక్కడొక ప్రొఫెసరుకు ఈ తొట్టి సంగతి చెప్పాడట. ఆ ప్రొఫెసరు, "ఆ రసం శుద్ధంగా తీసి పట్టుకురా. నా కళ్ళ ముందు అది గంజిని తింటే నా ల్యాబులో నీకు చోటిస్తా" అన్నాడట. ఆ ఒక్క మాట పట్టుకొని వచ్చాడు మనవాడు. ఇక చూడండి నా కష్టాలు.

వారం వారం ఖుద్దూస్ తొట్టిలోంచి రెండు బిందెల నీళ్ళు ల్యాబుకొచ్చేవి. వాటిని గుడ్డలో వడగట్టి, మళ్ళీ దూదిలో వడగట్టి, ఇంకా ఏవేవో కాగితాల్లో వడగట్టి తేట నీరు తీసేవాడు. మిగిలిన మడ్డినంతా ల్యాబు వెనక గోడవారన ఒక మూతి పగిలిన కుండలో పోసేవాడు. సరిగ్గా నా కిటికీ కింద! పిల్లలకు నేను గులాబీ పువ్వు గీయడం నేర్పుతుంటే, వాళ్ళు ఎడమ చేత్తో ముక్కులు మూసుకొని గీసేవాళ్ళు. హెడ్మాస్టరుకు ఫిర్యాదు చేశాను. ఆయన వచ్చి, కుండ చూసి, "రేపటికల్ల ఇది ఈడ ఉండొద్దు" అని గట్టిగా చెప్పి వెళ్ళాడు. జయానందం దాని మీద ఒక పలక బోర్లించాడు. ఆయన దృష్టిలో అది పారేయడం కిందికే లెక్క.

తర్వాత ఎరువు. రైతులు వరికి చల్లే అమోనియా ఎరువు సంచెడు మోయించుకొని వచ్చాడు. ఎరువుల దుకాణం ఎల్లం బజారంతా వినబడేట్టు నవ్వాడు. "సారూ, బడి మీద నాటేస్తున్నరా ఏంది?" అని. జయానందం ఆ ఎరువును వేణ్ణీళ్ళలో కరిగించి, వడగట్టి, మళ్ళీ తెల్లటి పలుకులుగా పేరబెట్టాడు. ఆ పలుకుల్ని తేటనీటిలో కలుపుతూ పోతే, నీళ్ళలో ఉప్పు కిక్కిరిసిపోయి రసానికి చోటు దొరకక తెల్లటి పొడిలా అడుగుకు దిగుతుందట. నిజంగానే దిగింది. నేను చూశాను. చూసి ఏమీ అనలేదు, ఎందుకంటే బాగుంది అంటే ఇంకా నెత్తికెక్కుతాడు.

అయితే ఆ పొడికి ఉప్పు అంటుకొని ఉంటుంది. దాన్ని వదిలించాలి. పట్నంలో దానికి పల్చటి పొర సంచులు దొరుకుతాయట. మెదక్‌లో ఎక్కడివి? ఒకనాడు నేను ల్యాబులోకి తొంగి చూద్దును కదా, కూజాలో నీళ్ళు, ఆ నీళ్ళలో రెండు వైపులా దారంతో కట్టిన తెల్లటి తిత్తి వేలాడుతోంది. ఏమిటని అడిగితే మేక పేగు అన్నాడు, చాలా మామూలుగా. మాంసం కొట్టు నుంచి తెచ్చి శుభ్రంగా గీకి కడిగాడట. నేను నీచు ముట్టనివాణ్ణి. ఆ పూట నాకు అన్నం సహించలేదు.

"ఉప్పు చిన్నదన్నా, పేగు పొరలకెల్లి బయటికి పోతది. రసం పెద్దది, పోలేదు, లోపట్నే ఉంటది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కూజాల నీళ్లు మార్చాలె, గంతే" అన్నాడు. సెలవు రోజుల్లో ఆ నీళ్ళు ఎవరు మార్చారని మీరు అడగకూడదు. నేనే మార్చాను. కళ్ళు మూసుకొని మార్చాను.

ఇట్లా వానాకాలం పోయి చలికాలం వచ్చేసరికి, బొటనవేలంత సీసాలో తేనె రంగు రసం తయారైంది. దాన్ని తడి ఇసుక కుండలో గుచ్చి పెట్టేవాడు, వేడి తగలకూడదని. ఒకరోజు పదో తరగతి పిల్లల ముందు గంజిలో అయోడిన్ చుక్క వేశాడు. గంజి నల్లటి నీలంగా మారింది. అందులో మన రసం ఒక్క చుక్క వేశాడు. చూస్తుండగానే నీలం పలచబడి, ఊదాగా మారి, ఎర్రబడి, చివరికి ఏ రంగూ లేకుండా పోయింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. అబద్ధమెందుకు, ఆ రోజు నాకు చాలా గర్వంగా అనిపించింది.

పట్నానికి కబురు పెట్టాడు. ప్రొఫెసరు బుధవారం రమ్మన్నాడు. ఉన్నది ఒకటే చోటు, ఆ రోజే నింపేస్తారు, ఇంకొకతను కూడా వస్తున్నాడు, కాబట్టి రసంతో తప్పకుండా రావాలని. అది అరవై నాలుగో సంవత్సరం డిసెంబరు. ఆ యేడు షబే బరాత్ పండగ, క్రిస్మస్ ఒకే వారంలో వచ్చాయి. ఊరంతా సున్నాలు వేసుకుంటోంది. బాలనర్సమ్మ ఒక పక్క రొట్టెలకు పిండి విసురుతూ, ఇంకో పక్క కొడుకు పట్నం పోతాడని వచ్చేపోయే వాళ్ళందరికీ చెబుతోంది.

మంగళవారం పొద్దున, "అన్నా, ఖుద్దూస్ భాయ్‌కి సీసా చూపించొద్దాం. ఆయన తొట్టికెల్లి వచ్చిందే గద" అన్నాడు. జేబులో సీసా, ముఖం మీద పెళ్ళికొడుకు కళ. సరేనని నేనూ బయల్దేరాను.

వాకిట్లో అడుగుపెడితే ఎవరో పోయినట్టుంది. ఖుద్దూస్ నేల మీద చతికిలబడి ఉన్నాడు. గోనె పరదా వెనక నుంచి ఆడమనిషి ఏడుపు. తొట్టి మాత్రం తెల్లగా మెరిసిపోతోంది.

జరిగింది ఇది. నెల కిందటే జహంగీర్‌కు పెళ్ళయింది. కోడలు మన్సూరాది కుల్చారం. మహా శుభ్రమైన పిల్ల. ఏళ్ళ తరబడి ఆడదిక్కు లేని ఇల్లు, మూలమూలనా మసి. పండగకు ముందు ఇల్లు కడిగి సున్నం వేయడం ముసల్మానుల ఇళ్ళలో తప్పని పని. మొన్న మగవాళ్ళు రంగులు కొనడానికి బజారుకు పోగానే పిల్ల కొంగు బిగించింది. గదులైపోయాయి, వంటిల్లయిపోయింది, వాకిలైపోయింది. మిగిలింది కంపు కొట్టే తొట్టి. పాపం, మామ చూసి మురిసిపోతాడనుకొని ఆ నీళ్ళన్నీ మోరీలోకి తోడి, రాయి కనబడేదాకా రుద్ది, చిక్కటి సున్నం కొట్టింది. తొట్టిని కడగకూడదని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. తెలుసు కాబట్టే ఆమెకు ఎవరూ చెప్పలేదు.

అప్పటికే రామాయంపేట నుంచి సాలె భూమయ్య తెచ్చిపడేసిన తానులున్నాయి. వాళ్ళ నేతగాళ్ళ సంఘం కొత్త దుకాణం తెరుస్తోంది, అందుకోసం ఈ తానులకు ఎర్ర రంగు వేయాలి. ఈ సాయంత్రమే బండి కట్టుకొని వస్తాడు. ఖుద్దూస్ కొత్త నీళ్ళు పోసి నానబెట్టాడు. చలికి ఏమీ జరగలేదు, గుడ్డ చెక్కలాగే ఉంది. సోడా వేసి ఉడికించి ఒక ముక్కకు రంగు వేసి చూశాడు. ఒక చోట ముదురు, ఒక చోట లేత, పొడలు లేచినట్టు వచ్చింది.

"గీ మచ్చల గుడ్డ చూపిస్తే భూమయ్య మల్ల మా గల్లీల కాలు పెట్టడు మాస్టర్ సాబ్. సంఘం పని పోతే మాకు ఇంకేమున్నది? మా దాదా చేతి తొట్టి! ఇగ నా తోటి గాదు. రేపు పొద్దుగాల్నే ఈ పిల్ల అన్నకు కబురు పంపిస్త, వచ్చి తోల్కపొమ్మంట" అని అరిచాడు ఖుద్దూస్.

పరదా వెనక నుంచి, "నాకేం తెల్సు మామూ? మురికి నీళ్లనుకున్న" అన్నది పిల్ల.

జయానందం తొట్టి చుట్టూ తిరిగాడు. గుడ్డను నలిపి చూశాడు. తర్వాత చెయ్యి నెమ్మదిగా జేబు మీదికి పోయింది. ఆయన చెయ్యి పట్టుకొని మూలకు లాక్కుపోయాను.

"నీకేమన్న పిచ్చి లేసిందా? రేపు బుధవారం! ఏం చూపెడ్తవ్ ఆయనకు, నీ మొఖమా?"

"గుడ్డ చూసినవ్ గద అన్నా."

"చూసిన. సగం ఒంపు. సగం దాచుకో."

"సగంతోని సాయంత్రానికి గాదు. తానులెన్ని ఉన్నయో చూడు."

"ఇన్నాళ్లు ఎందుకు చచ్చినవ్ర మరి? మీ అమ్మకు ఏం జెప్తవ్? నేను పేగులు కడిగిన, నాకేం జెప్తవ్?" నాకు ఒళ్ళు మండిపోయింది, అరిచేశాను. పరదా వెనక ఏడుపు కూడా ఆగింది.

జయానందం నేల చూపులు చూస్తూ అన్నాడు. "ఇది గంజి తింటదా తినదా చూద్దామనే గదన్నా తీసిన. ఇంత గంజి ముంగట పెట్టుకొని, సీసా జేబుల ఏసుకొని పొమ్మంటవా? ఆ పిల్ల ఏడుస్తుంటె?"

నా కోపం తగ్గలేదు. ఆ కోపంతోనే పొయ్యిలు రాజేశాను.

ముందు చింతపండు పులుసుతో తొట్టిలో సున్నం ఘాటు పోయేదాకా కడిగించాడు. తొట్టి నిండా చెయ్యి పెట్టి తీసేయాలనిపించేంత వేడినీళ్ళు పోయించాడు. ఆ వేడిలో బ్యాక్టీరియా బతకదు కానీ ఈ రసం మరింత జోరుగా పనిచేస్తుందట. తానులన్నీ లోపలికి తోశారు. అప్పుడు సీసా మూత తీసి, ఒక్కసారి వెలుతురుకు పెట్టి చూసుకొని, ఒంపేశాడు. అంతే, నాలుగు చుక్కల్లా కనిపించి పోయింది. నేను తల తిప్పుకున్నాను.

ఖుద్దూస్ కర్రతో తిప్పుతున్నాడు. జయానందం దవాఖానా నుంచి టింక్చర్ అయోడిన్ తెప్పించి, గుడ్డ అంచుకు చుక్క వేశాడు. నల్లగా పడింది. కొంతసేపాగి ఇంకో చుక్క వేస్తే ఊదాగా పడింది. ఎండ నడినెత్తికి వచ్చేసరికి ఎర్రగా పడింది. ఆ తర్వాత వేసిన చుక్క గుడ్డ మీద పసుప్పచ్చగా ఉండిపోయింది, ఏ మార్పూ లేదు. పరదా పక్కకు జరిగింది. మన్సూరా కొంగు కప్పుకొని, ఒక కన్ను బయటపెట్టి ఆ పసుపు చుక్కనే చూస్తోంది.

"గంజి పోయింది. రంగు పెట్టు ఖుద్దూస్ భాయ్" అన్నాడు జయానందం.

సాయంత్రం భూమయ్య వచ్చేసరికి దండేలన్నీ ఎర్రగా వెలిగిపోతున్నాయి. ఆయన ప్రతి తానునూ ఎండకు పట్టి చూశాడు, గోటితో గీరాడు, మచ్చ కోసం వెతికాడు. చివరికి, "రంగు మంచిగ కూసున్నది. ఇంకో మోపు పంపిస్త" అని, ఆరనివాటిని బండి మీద పరుచుకొని వెళ్ళిపోయాడు. ఖుద్దూస్ జయానందం రెండు చేతులూ పట్టుకొని కళ్ళకద్దుకున్నాడు. కబురు పంపే మాట మళ్ళీ ఎత్తలేదు.

కానీ ఇంకో మోపు వస్తే తొట్టి ఎట్లా? సీసా ఖాళీ, తొట్టిలో ప్రాణం లేదు. అదే అడిగాడు ఖుద్దూస్. జయానందం మొదటిసారి నవ్వాడు.

"నా రసం పని చేస్తది గని పిల్లల్ని పెట్టదు. పిల్లల్ని పెట్టేటియి మా బడెనక పగిలిన కుండల ఉన్నయి. మదనన్న కిటికీ కింద."

నేను హెడ్మాస్టరుకు ఫిర్యాదు చేసిన కుండ! చీకటి పడకముందే మన్సూరా బురఖా వేసుకొని జహంగీర్‌తో బడికొచ్చింది. మొగుడు ముక్కు మూసుకొని దూరంగా నిలబడితే, ఆ పిల్ల ఆ మడ్డి కుండను తనే రెండు చేతులా ఎత్తుకొని పోయింది, ఒక్క చుక్క ఒలకనివ్వకుండా.

బుధవారం పొద్దున పట్నం బస్సులో చేగుంట దాటేదాకా నేను జయానందంతో మాట్లాడలేదు. దాటాక ఆగకుండా తిట్టాను. ఆయన కిటికీలోంచి చూస్తూ, ఖాళీ సీసాను గుప్పిట్లో తిప్పుతూ కూర్చున్నాడు. పొద్దున అమ్మకు ఏం చెప్పావంటే, "చెప్పలేదన్నా. ఆమె రొట్టెలు కట్టిచ్చింది" అన్నాడు. ఇక తిట్టలేకపోయాను.

ప్రొఫెసరు సన్నగా, మర్యాదగా ఉన్నాడు. జయానందం జరిగిందంతా దాచకుండా చెప్పాడు. ఆయన శ్రద్ధగానే విన్నాడు. విని, "బాగుంది మిస్టర్ జయానందం. మంచి పనే చేశారు. కానీ శాంపిల్ లేకుండా నేనేం చూడను?" అన్నాడు. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. అదే నాకు ఎక్కువ బాధ. రెండో అతను బయట బెంచీ మీద ఫైలు పట్టుకొని కూర్చున్నాడు, వాణ్ణి పిలవడమే మిగిలింది.

జయానందం చెవులు ఎర్రబడ్డాయి. "సార్, జర మంచినీళ్లిప్పించుండ్రి" అన్నాడు. తాగడానికనుకున్నాను. ఆ నీళ్ళు సీసాలో కొంచెం పోసి, మూత పెట్టి, బాగా కుదిపాడు. బల్ల మీదున్న గంజి నీళ్ళ గాజు గొట్టంలో ఆ కడిగిన నీళ్ళు పోశాడు. ప్రొఫెసరు చిన్నగా నవ్వి, "అందులో ఏముంటుందండీ?" అని, అయినా పక్కనే మామూలు గంజి నీళ్ళ గొట్టం ఒకటి పెట్టి, "సరే, టీ తాగి వద్దాం" అన్నాడు. నేను ల్యాబు తలుపు వైపే చూస్తూ కూర్చున్నాను. వాళ్ళు మాత్రం పేగుల గురించి మాట్లాడుకున్నారు. పేగు మాట వినగానే ప్రొఫెసరు కళ్ళజోడు తీసి తుడుచుకొని, మళ్ళీ పెట్టుకొని, మొదటి నుంచి చెప్పమన్నాడు. టీలు చల్లారిపోయాయి.

తిరిగొచ్చి ప్రొఫెసరే అయోడిన్ వేశాడు. మామూలు గొట్టం నల్లగా నీలమైంది. మాది కాలేదు. ఇంకో చుక్క వేశాడు. కాలేదు. గొట్టాన్ని కిటికీ దగ్గరికి తీసుకుపోయి చూశాడు.

"ఇది ఖాళీ సీసా కదా!" అన్నాడు.

"కడిగిన నీళ్లు సార్" అన్నాడు జయానందం. "ఎంత పని చేసినా అది తరగదు సార్. గంజి ఖర్చయితది గని, అది ఖర్చు గాదు."

నాకు ఏడుపొచ్చింది. చెప్పడానికి నాకేం సిగ్గు లేదు. అంత పెద్ద ల్యాబులో, గాజు సామాన్ల మధ్య, కళ్ళు తుడుచుకుంటూ నిలబడ్డాను. ప్రొఫెసరు నన్ను చూసి, "ఈయన ఎవరు?" అని అడిగాడు. "పేగు నీళ్లు మార్చినోడు సార్, మా అన్న" అన్నాడు జయానందం.

జనవరి నుంచి రమ్మన్నారు. తల్లిని తర్వాత తీసుకుపోతానని, ముందు తనొక్కడే బయల్దేరాడు. బస్టాండుకు సగం బడి వచ్చింది. నేను ఆయనకొక చొక్కా కొన్నాను, గంజి బాగా పట్టించి మరీ ఇచ్చాను. బస్సు స్టార్టు చేశాక ఖుద్దూస్ పరుగెత్తుకుంటూ వచ్చాడు, వెనకాల బురఖాలో మన్సూరా. ఆమె చేతిలో మూతికి గుడ్డ కట్టిన పాలడబ్బా. దగ్గరికి రాకముందే దాని వాసన వచ్చింది. కండక్టరు లబోదిబోమన్నాడు. "ఓ సారూ, గదేం కంపు? బస్సుల జనముండద్దా?" అని డబ్బా బస్సు పైన వేయమన్నాడు. జయానందం వినకుండా కిటికీలోంచి చేతులు చాచి దాన్ని అందుకొని ఒళ్ళో పెట్టుకున్నాడు.

మన్సూరా ముఖం మీది ముసుగు కొంచెం ఎత్తి, అందరూ వినేట్టు, గట్టిగా చెప్పింది.

"మాస్టర్ సాబ్, మన తొట్టి నీళ్లు. రోజు జర గంజి పొయ్యుండ్రి. పట్నపోళ్లు ఎవరేమన్నా సరే, కడగనియ్యకుండ్రి."